కంపెనీతో పాటు వచ్చే మామూళ్లు

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీలు చేతులు మారడం కొత్త కాదు. కొనేవాడు యంత్రాలు చూస్తాడు, అప్పులు చూస్తాడు, కోర్టు కేసులు చూస్తాడు. ఆ కంపెనీ ఎవరెవరికి ఎంతెంత ముట్టజెప్పి నడుస్తోందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇక్కడ మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరు చాలాకాలంగా మందుల పరిశ్రమలో ఉండి, ఇప్పుడు ఇంకో కంపెనీని కొనబోతున్న మేనమామ. రెండోవారు కంపెనీల లెక్కల్లో మోసాలు వెతికే చార్టర్డ్ అకౌంటెంట్, ఆయన మేనకోడలు. మనుషులు, ఆ బేరం కల్పితం. వాళ్లు పేరు పెట్టి చెప్పుకున్న కేసులన్నీ జరిగినవే. నా మొగ్గు మేనకోడలి వైపే. అయినా మామయ్య మాటల్లో అనుభవం ఉంది. అందుకే ఆయన వాదనను ఎక్కడా పలచన చేయకుండా రాశాను.

మామయ్య: వచ్చే నెలలో అగ్రిమెంట్ అయిపోవాలమ్మా. లాయరు టైటిల్ చూశాడు. బ్యాంకు అప్పులు చూశాం. మా ఇంజనీరు రియాక్టర్లన్నీ ఒక్కొక్కటే తనిఖీ చేశాడు. ఇప్పుడు నువ్వొచ్చి మూడేళ్ల లైజనింగ్ ఖాతా కావాలంటున్నావు. ఆ మాట అడిగితే అమ్మేవాడు ఏమనుకుంటాడు? ఎన్నో ఏళ్లుగా తెలిసిన మనిషి.

మేనకోడలు: తెలిసిన మనిషైతే అడగడం ఇంకా తేలిక మామయ్యా. వాళ్లిచ్చిన ట్రయల్ బ్యాలెన్స్‌లో 'ప్రొఫెషనల్ ఛార్జీలు' అని ఒక పద్దు ఉంది. అందులో ఒకే కన్సల్టెంటుకు ఏటా వెళ్తున్న సొమ్ము ఆ ప్లాంట్ మేనేజర్ జీతం కంటే ఎక్కువ. ఆయన ఏం పని చేశాడో ఒక్క కాగితం లేదు. రిపోర్టు లేదు, డ్రాయింగ్ లేదు. బిల్లు మీద 'సేవలకు' అని తప్ప ఇంకేమీ లేదు.

మామయ్య: పొల్యూషన్ బోర్డు, డ్రగ్ కంట్రోల్, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, బాయిలర్ల ఇన్‌స్పెక్టరు, ఫైర్. ఇన్ని ఆఫీసులు తిరగడానికి ఒక మనిషి కావాలి. నేనూ పెట్టుకున్నాను, అందరూ పెట్టుకుంటారు. ఇందులో కొంత పైకి చెప్పలేని ఖర్చు ఉంటుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అలా ఒక్క రూపాయి ఇవ్వకుండా నడిచే ఫ్యాక్టరీ కోసం వెతుకుతూ కూర్చుంటే నేను ఈ జన్మలో ఇంకో కంపెనీ కొనలేను. అయినా ఇచ్చింది పాత యజమాని. జరిగిందేదో జరిగిపోయింది. దానికి రేటులో కొంత తగ్గించుకుంటాను, సరిపోతుంది.

మేనకోడలు: మీకూ నాకూ తేడా ఇక్కడే వస్తోంది. పాత అప్పుంటే రేటులో తగ్గించుకోవచ్చు, ఒకసారి కట్టేస్తే తీరిపోతుంది. లంచం అలా తీరేది కాదు. ఆ కంపెనీ మీకు చూపిస్తున్న లాభంలో కొంత ఆ మామూళ్ల వల్లే వస్తోంది. మీరు యజమాని అయ్యాక కూడా ఆ లాభం రావాలంటే మామూళ్లు మీరే ఇవ్వాలి. ఇవ్వను అంటే ఆ లాభం ఉండదు. ఇవ్వడానికి సిద్ధపడితే నేరం కొంటున్నారు, సిద్ధపడకపోతే లేని లాభానికి డబ్బు కడుతున్నారు. రేటులో ఎంత తగ్గిస్తే ఈ చిక్కు తీరుతుంది?

మామయ్య: మాట బాగుంది. వ్యాపారంలో మాటలతో పని జరగదు. అలా ఎవరికైనా జరిగిందా చెప్పు.

మేనకోడలు: ఈలాండియా అని అమెరికాలో ఒక కంపెనీ. 2007లో లాటిన్ నోడ్ అనే టెలిఫోన్ కంపెనీని కొంది. కొన్నాక పుస్తకాలు తిరగేస్తే హోండురాస్‌లోనూ యెమెన్‌లోనూ ప్రభుత్వ టెలికాం అధికారులకు లంచాలిచ్చి కాల్ రేట్లు తగ్గించుకుంటున్నారని బయటపడింది. ఆ తగ్గింపు రేట్లే ఆ కంపెనీ వ్యాపారం. ఈలాండియా తానే వెళ్లి ప్రభుత్వానికి చెప్పింది. 2009లో లాటిన్ నోడ్ నేరం ఒప్పుకుని 20 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. జరిమానా చిన్నదే. పెద్ద నష్టం ఎక్కడంటే, లంచాలు ఆపాక అక్కడ నడపడానికి వ్యాపారమే మిగల్లేదు. లాటిన్ నోడ్‌ను మూసేశారు, పెట్టుబడిని నష్టం కింద రాసేసుకున్నారు. కొనేముందు 'ఈ రేట్లు మీకు ఎలా వచ్చాయి' అని గట్టిగా అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

మామయ్య: అడిగితే చెబుతారా? మాకు హోండురాస్‌లో లంచాల ఖాతా ఉందని ఎవడైనా అంటాడా?

మేనకోడలు: అనడు. అందుకే మనిషిని అడిగే ముందు కాగితాలను అడగాలి. మీరు పొలం కొంటే ఈసీ తీయిస్తారు. తాకట్టు ఉంటే అందులో తెలుస్తుంది. గట్టు తగాదా, నీళ్ల వాటా, కౌలుదారు సంగతి ఈసీలో ఉండవు. దానికి మీరే వెళ్లి పక్క రైతుతో మాట్లాడి వస్తారు. కంపెనీ విషయంలో మీ లాయరు, మీ బ్యాంకు చేసింది ఈసీ తీయడం వరకే. పక్క రైతుతో మాట్లాడే పని ఇంకా మిగిలే ఉంది.

మీ ఇంజనీరు రియాక్టర్లు చూశాడన్నారు. ఎఫ్లుయెంట్ ప్లాంటు మీటర్లు చూశాడా? మూడేళ్లలో ఆ కంపెనీ ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. అమ్మకాల లెక్క అదే చెబుతోంది, సాల్వెంట్లు కొన్న బిల్లులూ అదే చెబుతున్నాయి. ఉత్పత్తి పెరిగితే ఉప్పునీరు పెరగాలి. దాన్ని మరిగించే ఎవాపరేటరుకు ఆవిరి ఎక్కువ కావాలి, ఆవిరికి బొగ్గు ఎక్కువ కావాలి. చివరికి మిగిలే ఉప్పు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీల్లో వెళ్లాలి, ప్రతి లారీకీ మ్యానిఫెస్టు ఉండాలి. వాళ్లిచ్చిన కాగితాల్లో మూడేళ్ల కింద ఎన్ని లారీలో ఇప్పుడూ అన్నే. బొగ్గు బిల్లూ పెద్దగా పెరగలేదు. మరి మిగతా నీళ్లు ఎటు పోయినట్టు? ఈ మూడేళ్లలో తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ అంతా సవ్యంగా ఉందనే రాసి వెళ్లాడు. ఆ తనిఖీ రిపోర్టును బొగ్గు బిల్లు పక్కన పెట్టి చూడండి. కన్సల్టెంటు బిల్లు దేనికో అక్కడే తెలుస్తుంది.

మామయ్య: తొందరపడకు. ప్రాసెస్ మార్చి నీళ్ల వాడకం తగ్గించి ఉండొచ్చు. మేమే ఒక మందులో రెండు దశలు తీసేసి వ్యర్థాలు సగానికి తెచ్చాం. సాల్వెంట్ రికవరీ పెంచినా లెక్కలు మారతాయి.

మేనకోడలు: ఉండొచ్చు. అదే నిజమైతే బ్యాచ్ రికార్డుల్లో ఆ మార్పు ఏ తేదీన జరిగిందో ఉంటుంది. అది చూపిస్తే నా అనుమానం అక్కడితో ఆపేస్తాను. నేను వాళ్లను దోషులు అనడం లేదు. ఎక్కడ అడగాలో చెబుతున్నాను. కానీ చూపించలేకపోతే మాత్రం నాకు మీ డబ్బు కంటే ముందు ఆ ఊరి నీళ్లు గుర్తొస్తాయి. నక్కవాగు పక్క రైతులు పొలాలు పాడై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మీ కళ్లముందే కదా. అధికారికి ఇచ్చిన మామూలు ఆ అధికారి జేబుతో ఆగదు మామయ్యా. దాని ఖర్చు ఎవరో ఒకరు బావిలో, పంటలో, ఒంట్లో కడుతూనే ఉంటారు.

మామయ్య: ఆ మాట కాదనను. పటాన్‌చెరు వైపు ఆ రోజుల్లో వాగు ఏ రంగులో పారేదో నేను చూశాను. సరే, ఇంకో దారి చెబుతాను. కంపెనీని కొనొద్దు. షేర్లు వదిలేద్దాం. స్లంప్ సేల్ కింద ఫ్యాక్టరీ ఒక్కటే తీసుకుందాం. పాత కంపెనీ, దాని పాపాలు అతని దగ్గరే ఉంటాయి.

మేనకోడలు: ఇది మంచి ఆలోచనే. షేర్లు కొంటే చట్టం దృష్టిలో కంపెనీ అదే మనిషి. యజమాని ఒక్కడే మారతాడు, కేసులన్నీ దానితోనే వస్తాయి. స్లంప్ సేల్‌లో ఆ బరువు చాలావరకు తగ్గుతుంది. కానీ లైసెన్సులు మీ పేరుకు మారాలి. పొల్యూషన్ బోర్డు కన్సెంట్ మార్చాలి, డ్రగ్ లైసెన్సు మార్చాలి, ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ మార్చాలి. ఫైలు మళ్లీ అవే బల్లల మీదకు పోతుంది. పాత యజమాని దగ్గర తీసుకున్న అధికారే మీ ఫైలు పట్టుకుని కూర్చుంటాడు. ఎవాపరేటరు చాలడం లేదని అతనికి ముందే తెలుసు. మొదటి నెలలోనే మీ మనిషికి కబురు వస్తుంది. అప్పుడు ఇచ్చేది మీరు, పాత యజమాని కాదు.

మామయ్య: అప్పుడు నేను ఇవ్వను.

మేనకోడలు: ఇవ్వకపోతే ఎన్ని నెలలు ఆగుతుంది? ఆ నెలల్లో జీతాలు, వడ్డీ ఎంత? కొత్త ఎవాపరేటరుకు ఎంత? ఈ లెక్క మీ వాల్యుయేషన్‌లో ఉందా? లేదు. నేను కోరేది అదే. మామూళ్లు ఆగిపోయిన కంపెనీ ఎంత సంపాదిస్తుందో ముందు లెక్క వేయండి. ఆ అంకె మీద బేరం చేయండి. అమ్మేవాడు దానికి ఒప్పుకుంటే ఆనందంగా కొనండి.

మామయ్య: అగ్రిమెంట్‌లో గట్టి వారంటీలు రాయిస్తాను. లంచాలు లేవని అతని చేతే సంతకం పెట్టిస్తాను. తర్వాత ఏదైనా బయటపడితే నష్టం అతనే భరించాలి. పెద్ద కంపెనీలన్నీ చేసేది ఇదే కదా?

మేనకోడలు: దైచీ సాంక్యో అనే జపాన్ కంపెనీ ఏం చేసిందో చూడండి. 2008లో దాదాపు 460 కోట్ల డాలర్లకు మన మందుల కంపెనీ రాన్‌బాక్సీని కొంది. అది లంచాల కేసు కాదు, మందుల పరీక్షల డేటా తప్పుగా చూపిన కేసు. అయినా మన మాటకు సరిపోతుంది. ఆ లోపాల మీద రాన్‌బాక్సీ లోపల 2004లోనే ఒక రిపోర్టు తయారైంది. కొనేవాళ్లకు అది చూపించలేదు. బేరం కుదిరిన ఏడాదే అమెరికా ఎఫ్‌డీఏ పాంటా సాహిబ్, దేవాస్ ప్లాంట్ల నుంచి 30 మందులు దిగుమతి కాకుండా ఆపింది. 2013లో రాన్‌బాక్సీ నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. దైచీ పాత యజమానుల మీద సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ వేసి 2016లో గెలిచింది, సుమారు 2,562 కోట్ల రూపాయలు. గెలిచిన ఆ డబ్బు వసూలు చేసుకోవడానికి మళ్లీ మన కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. పాత యజమానులు కోర్టు ధిక్కారానికి పాల్పడ్డారని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. గెలిచిన తీర్పు చేతిలో ఉన్నా డబ్బు చేతికి రాలేదు. అప్పటికి దైచీ రాన్‌బాక్సీని సన్ ఫార్మాకు వదిలేసుకుంది కూడా.

మామయ్య: ఆ కేసు నా వాదననే బలపరుస్తోంది చూడు. జపాన్‌లో అంత పెద్ద కంపెనీ, అంతమంది లాయర్లను పెట్టుకుని, దాచిపెట్టిన ఒక్క రిపోర్టు పట్టుకోలేకపోయింది. నీ మూడేళ్ల లైజనింగ్ ఖాతాతో నేనేం పట్టుకుంటాను? దాచాలనుకున్నవాడు దాస్తాడు.

మేనకోడలు: రిపోర్టును బీరువాలో దాచొచ్చు. నెలనెలా బయటికి పోయే డబ్బును అలా దాచలేరు. లంచం నగదుగా మారాలి, ఆ నగదు ఏదో ఒక పద్దులోంచి రావాలి. రోజుకు ఒక మనిషికి 10 వేలు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. అందుకని ఓచర్లు 9,500, 9,800 దగ్గర ఆగుతాయి. అలాంటివి వరుసగా కనబడితే నేను తేదీలు చూస్తాను. తనిఖీకి ముందు వారమా, కన్సెంట్ రెన్యూవల్ నెలా అని చూస్తాను. స్టాఫ్ వెల్ఫేర్ ఖర్చు ఉద్యోగుల సంఖ్యతో పాటు పెరగాలి. లైసెన్సుల తేదీలతో పాటు పెరుగుతుంటే అది వెల్ఫేర్ కాదు. తుక్కు ఇనుము, ఖాళీ డ్రమ్ములు అమ్మిన డబ్బు పుస్తకాల్లో మరీ తక్కువ చూపిస్తున్నారా అని చూస్తాను. లెక్కలో లేని నగదు పుట్టే చోట్లలో అదొకటి. ఇవన్నీ కలిపి చూస్తే ఒక రూపం వస్తుంది. ఒక్కటి చూసి నేరం అనను.

మామయ్య: ఇంతకీ అక్కడ పోయేది ఎంత? చిన్న మొత్తాలు. పండక్కి స్వీటు డబ్బా, ఇన్‌స్పెక్టరుకు కారు ఖర్చు. దీనికోసం బేరం చెడగొట్టుకుంటామా?

మేనకోడలు: డియాజియో కూడా చిన్నవే అనుకుంది. వేరే కంపెనీలను కొంటూ, కలుపుకుంటూ ఇండియాలోకి పెరిగిన మద్యం సంస్థ అది. ఇక్కడ ప్రభుత్వ మద్యం దుకాణాల సిబ్బంది, లేబుళ్లు రిజిస్టర్ చేసే అధికారులు, ఇలా వందలమందికి కొద్దికొద్దిగా ఇచ్చుకుంటూ పోయారు. ఆరేళ్లలో మొత్తం 17 లక్షల డాలర్లు దాటింది. 2011లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీతో 1.6 కోట్ల డాలర్లకు పైగా కట్టి పరిష్కరించుకున్నారు. ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఆ సంస్థల్లో కట్టుబాట్లు బలహీనంగా ఉన్నాయని కొన్నప్పుడే డియాజియోకు తెలుసు. తెలిసీ 2008 దాకా గట్టిగా సరిచేయలేదు. తెలియక ఇరుక్కున్నవాళ్ల మీద జాలిపడొచ్చు. తెలిసి పక్కన పెట్టినవాళ్ల మీద పడలేం.

మామయ్య: అదంతా విదేశీ లంచాల మీద అమెరికా చట్టం. న్యూయార్క్‌లో లిస్టయిన వాళ్ల తలనొప్పి. పైగా 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఆ చట్టం అమలునే ఆపేయమన్నాడు. అమెరికాకే లేని పట్టింపు మనకెందుకు?

మేనకోడలు: ఆపమన్నది కొన్ని నెలలే. జూన్‌లో కొత్త మార్గదర్శకాలిచ్చి మళ్లీ మొదలుపెట్టారు. చట్టం 1977 నుంచి ఉంది, దాన్నెవరూ రద్దు చేయలేదు. అమెరికా సంగతి వదిలేద్దాం. మన అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. అంతకుముందు ఎక్కువగా తీసుకున్నవాడి గురించే మాట్లాడేవాళ్లం. ఇప్పుడు ఇచ్చినవాడూ నేరస్థుడే. వ్యాపారం సంపాదించడానికో నిలబెట్టుకోవడానికో కంపెనీ తరఫున ఎవరు లంచమిచ్చినా కంపెనీకి శిక్ష ఉంది. ఉద్యోగి ఇచ్చినా, ఏజెంటు ఇచ్చినా ఒకటే. డైరెక్టరు సమ్మతితో జరిగిందని తేలితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 'ఇవ్వక తప్పలేదు' అనేవాళ్లకు ఒక దారి ఉంది, ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. మీకు తెలిసినవాళ్లలో అలా ఏడు రోజుల్లో వెళ్లి చెప్పినవాళ్లు ఎంతమంది?

మామయ్య: ఒక్కడూ లేడు. వెళ్లి చెబితే తర్వాత ఆ ఆఫీసులో పని జరుగుతుందా? నువ్వు ఆడిటర్ కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నావు. ఫైలు కదలక ఎనిమిది నెలలు బాయిలరు చల్లబడి కూర్చున్న రోజులు నేను చూశాను. మూడు వందల కుటుంబాలు జీతాల కోసం నా మొహం చూశాయి.

మేనకోడలు ఈ మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడానికి తేలికైన జవాబు లేదు కూడా. లంచం ఇచ్చేవాళ్లంతా అత్యాశతో ఇస్తారనుకోవడం అన్యాయం. చాలామంది పీక మీద కత్తి ఉన్నప్పుడే ఇస్తారు.

మేనకోడలు: ఆ రోజుల్లో మీరు పడ్డ బాధ అమ్మ చెప్పేది. దాన్ని నేను తేలిక చేయను. కానీ ఈ బేరంలో ఒక తేడా ఉంది మామయ్యా. నడుస్తున్న ఫ్యాక్టరీని నిలబెట్టుకోవడానికి మీరు అప్పుడు చిక్కుకుపోయారు. ఇప్పుడు మీరు ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు. వద్దనే స్వేచ్ఛ కొనేవాడికి సంతకం ముందు రోజు దాకా ఉంటుంది, తర్వాత ఉండదు.

మామయ్య: స్వేచ్ఛ ఉంటుంది, టైము ఉండదు. గుజరాత్ నుంచి ఇంకో పార్టీ వచ్చి కూర్చుంది. మనం ఖాతాలంటూ పట్టుబడితే రెండో రోజే వాళ్లకు ఇచ్చేస్తాడు. లాక్‌హీడ్ మార్టిన్ అనే అమెరికా రక్షణ కంపెనీ టైటన్ అనే ఇంకో కంపెనీని కొనబోయిన కేసు నేనూ చదివాను. పరిశీలన చేసీ చేసీ చివరికి 2004లో వదిలేసింది. ఏడాది తిరిగేసరికి ఎల్-3 అనే ఇంకో కంపెనీ అదే టైటన్‌ను ఎగరేసుకుపోయింది. అతిగా చూసినవాడు నష్టపోయాడు కదా?

మేనకోడలు: ఆ కథ మధ్యలో ఏం జరిగిందో కూడా చూడండి. టైటన్‌కు 60కి పైగా దేశాల్లో 120 మందికి పైగా ఏజెంట్లు, కన్సల్టెంట్లు ఉన్నారు. వాళ్లెవరో, ఏం చేస్తారో పరిశీలించే పద్ధతే లేదు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో టెలిఫోన్ ప్రాజెక్టు కోసం ఒక ఏజెంటు ద్వారా ఆ దేశాధ్యక్షుడి ఎన్నికల ప్రచారానికి 20 లక్షల డాలర్లకు పైగా చేరింది. బదులుగా టైటన్‌కు వచ్చే నిర్వహణ ఫీజు 5 శాతం నుంచి 20 శాతానికి పెరిగింది. నేను మొదట చెప్పింది ఇదే, లంచమే లాభంగా మారి పుస్తకాల్లో కూర్చుంటుంది. లాక్‌హీడ్ పరిశీలనలో ఇది బయటపడింది. 2005 మార్చిలో టైటన్ నేరం ఒప్పుకుని 2.85 కోట్ల డాలర్లు కట్టింది. ఎల్-3 బేరానికి వచ్చింది ఆ తర్వాత, అదే ఏడాది జూన్‌లో. అప్పటికి తప్పు ఏమిటో, ఎంతో, ఎవరిదో అందరికీ తెలుసు, లెక్క తేలిపోయింది. అందుకే లాక్‌హీడ్ చివరికి ఇస్తానన్న ధర కంటే ఎక్కువ పెట్టగలిగింది. తప్పు లెక్క తేలాక కంపెనీ విలువ నిలదొక్కుకుంది.

మామయ్య: ఆ లెక్కన సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ సంగతి చెప్పు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలకు కొన్నప్పుడు ఆ కంపెనీకి నమ్మదగ్గ ఆడిట్ లెక్కలే లేవు. సరిచేసిన లెక్కలు వచ్చింది 2010లో. నీలాగే అందరూ ముందు ఖాతాలు తెండి అని కూర్చుంటే సుమారు 50 వేల మంది ఉద్యోగాలు ఏమయ్యేవి? అందులో మన పిల్లలు ఎంతమంది! మచ్చ ఉన్న కంపెనీలను ధైర్యం చేసి కొనేవాళ్లు కూడా దేశానికి కావాలమ్మా.

మేనకోడలు: కావాలి. అందులో మీతో నాకు తగాదా లేదు. కానీ సత్యంలో మోసం జరిగిందని ప్రపంచమంతటికీ తెలుసు. 2009 జనవరి 7న చైర్మనే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేవని అందులోనే ఉంది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త బోర్డు వేసింది. లెక్కలు లేవన్న సంగతి తెలిసే వేలం జరిగింది, ధర కూడా దానికి తగ్గట్టే వచ్చింది. అంత తెలిసి కొన్నా 2012లో ఈడీ 822 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లు జప్తు చేస్తే టెక్ మహీంద్రా వైపువాళ్లు కోర్టులకు వెళ్లాల్సి వచ్చింది. కళ్లు తెరిచి కొన్నవాళ్లకే అలా ఉంటే, మనం ఏమీ అడగకుండా కొంటే ఎలా ఉంటుంది?

మామయ్య: నేను ఏమీ అడగకుండా కొంటానని అనలేదు. సంతకానికి ముందే అంతా చూడలేమంటున్నాను.

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. క్రాఫ్ట్ కంపెనీ 2010 ఫిబ్రవరిలో క్యాడ్‌బరీని స్వాధీనం చేసుకున్నప్పుడు బేరం జరిగిన తీరు వల్ల ముందే పూర్తి పరిశీలన చేయలేకపోయింది. తర్వాత గట్టిగానే చేసింది. అయినా హిమాచల్‌లోని బద్ది చాక్లెట్ ఫ్యాక్టరీ లైసెన్సుల కోసం క్యాడ్‌బరీ ఇండియా పెట్టుకున్న ఒక ఏజెంటు సంగతి ఆ మొదటి నెలల్లో జారిపోయింది. లైసెన్సు దరఖాస్తులు తయారు చేసినందుకని ఆయన బిల్లులు పెట్టాడు, 2010లో సుమారు 90 వేల డాలర్లు తీసుకున్నాడు. ఆ దరఖాస్తులు తయారు చేసింది కంపెనీ ఉద్యోగులే. ఖాతాలో పడ్డ డబ్బులో ఎక్కువ భాగాన్ని ఆయన నగదుగా తీసేశాడు. మాండెలీజ్‌గా పేరు మార్చుకున్న క్రాఫ్ట్ 2017లో 1.3 కోట్ల డాలర్లు కట్టింది. డబ్బు ఏ అధికారికి చేరిందో ఎస్‌ఈసీ ఆ ఉత్తర్వులో తేల్చి చెప్పలేదు. ఏజెంటును పరిశీలించలేదు, పుస్తకాల్లో చేసిన పని సరిగ్గా రాయలేదు, అంతే అభియోగం. అందుకే మీరు కొనబోయే కంపెనీ కన్సల్టెంటు గురించి నేను అడిగేది ఒకటే ప్రశ్న. ఆయన చేసిన పని చూపించండి.

సంతకానికి ముందు ఎంత చూడగలిగితే అంత చూద్దాం. ప్లాంట్ మేనేజర్, అకౌంట్స్ చూసే ఉద్యోగి, ఎఫ్లుయెంట్ ప్లాంటు ఆపరేటర్, ఈ ముగ్గురితో మాట్లాడనివ్వమని అడుగుదాం. యజమానులకు తెలియనివి ఆపరేటరుకు తెలుస్తాయి. రాత్రి షిఫ్టులో వాల్వు తిప్పేది అతనే. మిగతాది కొన్న తర్వాత మొదటి నెలల్లో చూద్దాం. కానీ కొన్న మొదటి రోజే ఆ కన్సల్టెంటుకు చెల్లింపులు ఆపాలి. కొంత డబ్బు మధ్యవర్తి చేతిలో ఉండే ఎస్క్రో ఖాతాలో ఉంచి, ఆ పరిశీలన పూర్తయ్యాకే అమ్మినవాడికి ఇవ్వాలి. ఇది వారంటీ కంటే గట్టిది, డబ్బు అప్పటిదాకా అతని చేతికి పోదు.

మామయ్య: ఎస్క్రో సంగతి నాకు నచ్చింది. దానికి అతను ఒప్పుకోకపోతే నాకూ అనుమానం వస్తుంది. సరే, ఆ పరిశీలనలో నిజంగానే ఏదో దొరికిందనుకో. అప్పుడేం చేయాలి? నేను వెళ్లి చెబితే కేసు నా మీదే. అమెరికాలో అయితే ఒక దారి ఉందన్నారు?

మేనకోడలు: 2023 అక్టోబరులో వాళ్ల న్యాయశాఖ ఒక విధానం ప్రకటించింది. కంపెనీని కొన్న ఆరు నెలల్లోగా పాత తప్పును తానే వచ్చి చెప్పి, దర్యాప్తుకు సహకరించి, ఏడాదిలోగా సరిచేసి, అక్రమ లాభం వెనక్కి ఇచ్చిన కొనుగోలుదారు మీద సాధారణంగా కేసు పెట్టరు.

మామయ్య: మన దగ్గర?

మేనకోడలు: దివాలా కోడ్‌లో 32ఏ అని ఒక సెక్షన్ ఉంది. 2019లో జేఎస్‌డబ్ల్యూ సుమారు 19 వేల కోట్లకు భూషణ్ పవర్ అండ్ స్టీల్‌ను తీసుకోబోతే, ట్రిబ్యునల్ ఆమోదించిన నెల తర్వాత ఈడీ పాత యజమానుల కేసులో 4 వేల కోట్లకు పైగా ఆస్తులు జప్తు చేసింది. ఇలాగైతే దివాలా కంపెనీలను ఎవరూ కొనరని ఆ సెక్షన్ తెచ్చారు. పాత యజమానులతో సంబంధం లేని కొత్త కొనుగోలుదారుకు పాత నేరాల నుంచి రక్షణ ఉంటుంది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. కానీ అది దివాలా ప్రక్రియలో వచ్చిన కంపెనీలకే. మీలాగ మామూలుగా కొనేవాళ్లకు వర్తించదు.

మామయ్య: చూశావా, ముంచి దివాలా తీయించిన కంపెనీని కొంటే రక్షణ ఉంది. నడుస్తున్నదాన్ని కొని శుభ్రం చేద్దామనుకున్నవాడికి లేదు. ఇది నా మాటగా రాసి పెట్టు. 2018 సవరణలో కంపెనీలు లంచాలు జరగకుండా ఏ ఏర్పాట్లు చేసుకోవాలో కేంద్రం మార్గదర్శకాలు ఇవ్వాలని ఉంది కదా. అందులో కంపెనీని కొనేవాళ్ల గురించి ఒక భాగం ఉండాలి. కొన్న రోజే మామూళ్లు ఆపి, ఆరు నెలల్లోగా తానే వచ్చి చెప్పినవాడి మీద కేసు పెట్టబోమని చట్టం తెగేసి చెప్పాలి. అలా చెబితే నాలాంటివాళ్లు చాలామంది నోరు విప్పుతారు.

మేనకోడలు: రాస్తాను, ఒక షరతు చేర్చి. ఆ రక్షణ కావాలంటే కొన్నవాడు పాత తనిఖీ రిపోర్టులు, వ్యర్థాల లెక్కలు ఆ ఊరి పంచాయతీకి కూడా ఇవ్వాలి. ఆ ఊరి నీళ్లను శుభ్రం చేసే ఖర్చు ఎస్క్రోలో ఉన్న డబ్బులోంచి ముందు పోవాలి, మిగిలిందే అమ్మినవాడికి చేరాలి.